ఉప్పు ఎగిరిపోదు

చిరంజీవి చిట్టికి,

అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, పక్కింటివాళ్ళూ, ఎదురింటివాళ్ళూ క్షేమం. నా కుడి మోకాలు ఒక్కటే క్షేమంగా లేదు. నువ్వు అక్కడ ఆరోగ్యంగా, వేళకి తింటూ ఉండాలని కోరుకుంటున్నాను. ఇంతకుమించి దీవెనలు ఇప్పుడు నా నోట రావు. నీ మీద పీకలదాకా కోపంగా ఉంది.

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. చెప్పనిస్తే కదా! నేను నోరు తెరవగానే "అమ్మా, మీటింగు ఉంది" అంటావు. ఆదివారం నాడు కూడా మీటింగులు పెట్టే ఆఫీసు ఎక్కడుందో నాకు తెలియదు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు. కోపంతో చించినా మళ్ళీ ముక్కలు ఏరుకుని చదివే రకానివి. అందుకే రాస్తున్నా.

ముందు నువ్వు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. మోకాలికి డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతున్నాను. నడవమన్నాడు, నడుస్తున్నాను. ఎక్కడికి నడుస్తున్నానో నీకు పిన్ని చెప్పనే చెప్పింది. దాని నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా దానికి చెప్పడం నాదే బుద్ధి తక్కువ. అవును, ప్రతి ఆదివారం మీ ఫ్లాటుకే వెళుతున్నాను. "ఆ మనిషి దగ్గరికి నీకేం పని" అని రాశావు. ఏ మనిషి? ఆరేళ్ళు "మా ఆయన, మా ఆయన" అని నా చెవి కోసిన దానివి, ఇప్పుడు పేరూ ఊరూ లేని మనిషయ్యాడా? మా అల్లుడు అనడానికి నాకింకా నోరు నొప్పి పుట్టలేదు.

నీ చేపల తొట్టి అమ్మేశావా అని అడిగావు. అమ్మలేదు. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టాడా అని మూడు చోట్ల అడిగావు, ఒకచోట కింద గీత కూడా గీశావు. దానికి జవాబు చివర రాస్తాను. ముందు చూసుకోవద్దు.

"అమ్మెయ్, ఎవరూ కొనకపోతే పగలగొట్టెయ్" అని నువ్వు రాసినప్పుడు నేను నిజంగా అమ్మడానికే వెళ్ళాను. మూడు నెలలవుతోంది. కొలతలు తీసుకుందామని టేపు కూడా పట్టుకెళ్ళాను. నూట యాభై లీటర్ల గాజు తొట్టి ఎండిపోయి, మూలన దుమ్ము కొట్టుకుని ఉంటుందనుకున్నాను. తలుపు తీయగానే ఏముంది! మోటార్లు బుర్రుమంటున్నాయి, నీలం లైటు వెలుగుతోంది. మీ ఆయన బనీనుతో నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, బకెట్లో ఒక్కొక్క రాయినే ముంచి పళ్ళు తోమే బ్రష్షుతో రుద్దుతున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"పెళ్ళాం ఇల్లొదిలి వెళ్ళిపోతే నువ్వు చేపలకి స్నానాలు చేయిస్తున్నావా?" అన్నాను.

"చేపలకి కాదత్తయ్యా, రాళ్ళకి" అన్నాడు.

అదీ ఆయనగారి జవాబు! పైగా అది వేళాకోళం కూడా కాదు, నిజంగానే చెప్పాడు. చచ్చినవన్నీ పోగా మిగిలిన రాళ్ళు అవి. ఆ రెండు నారింజరంగు చేపలూ బతికే ఉన్నాయి తెలుసా? నువ్వు వెళ్ళిపోయాక వాటిని వేరే డబ్బాలో పెట్టి, రోజూ నీళ్ళు మార్చి బతికించాడు. ఇంట్లో ఉన్న మనిషిని నిలబెట్టుకోవడం చేతకాలేదు గానీ, వేలెడు చేపల్ని నిలబెట్టాడు. ఆ మాటే మొహం మీద అన్నాను. ఇంకో రాయి తీసి బకెట్లో ముంచాడు.

నేను పోట్లాడడానికే వెళ్ళాను. పోట్లాట ఒక ఆదివారంతో తెగలేదు, అందుకని రెండో ఆదివారం వెళ్ళాను. మూడోసారి వెళ్ళేసరికి నీ పరీక్ష సీసాలు ముందేసుకుని చుక్కలు లెక్కపెడుతున్నాడు. నీళ్ళలో విషం తగ్గిందో లేదో రంగు చూసి చెప్పాలట. పసుపుపచ్చ అయితే మంచిది, ఆకుపచ్చ అయితే చేపలు వెయ్యకూడదు. ఆరు చుక్కలు వెయ్యమంటే ఎనిమిది వేశాడు! ముప్పై రెండేళ్ళు బళ్ళో సైన్సు చెప్పిన చెయ్యి నాది, ఊరుకుంటుందా? సీసా లాక్కుని నేనే వేశాను. అప్పట్నుంచి చుక్కలు నావి, రుద్దడం అతనిది. నువ్వు నాలుగేళ్ళు ఆ తొట్టి ముందు ముక్కు ఆనించి ఎందుకు కూర్చునేదానివో ఇప్పుడు తెలిసింది. పోయిన నెల అతను బొటనవేలంత పగడపు ముక్క ఒకటి తెచ్చి రాతికి అంటించాడు. రెండు ఆదివారాలు ముడుచుకునే ఉంది. మూడో ఆదివారం సన్నటి చేతులు బయటపెట్టింది. రాయీ కాదు, మొక్కా కాదు, అదొక జంతువని నువ్వు చెబితే నవ్వేదాన్ని.

అతను నీ గురించి అడగడు. అదింకో మంట. నేను నీ ఉత్తరం తీసి చదువుకుంటూ ఉంటే ఒక గుడ్డ పట్టుకుని నేల తుడుస్తాడు. తుడిచిన చోటే తుడుస్తాడు. "ఏం రాసింది" అని ఒక్క ముక్క అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? మధ్యలో ఆగిపోయిన లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్తే లోపల ఇరుక్కున్నవాళ్ళకి బయట నిలబడి గంటసేపు కబుర్లు చెబుతాడట, భయపడొద్దని. ఇంట్లో ఇరుక్కుపోయిన పెళ్ళానికి చెప్పడానికి మాత్రం నోరు రాదు.

ఇక అసలు సంగతి. ఇప్పటిదాకా రాసిన కోపమంతా దీన్ని రాయలేకే రాశాను.

ఆరు వారాల కిందటి ఆదివారం. మధ్యాహ్నం అతనికి ఫోనొచ్చింది, ఏదో భవనంలో లిఫ్టు ఆగిపోయిందని. బూట్లు వేసుకుంటూ నాతో అన్నాడు, "అత్తయ్యా, నేను వచ్చేసరికి నీళ్ళు తొట్టి మీది గీత కిందకి దిగితే తెల్లమూత క్యానులోంచి పొయ్యండి. నీలం మూతది మాత్రం వద్దు" అని.

"నీలం మూతదే కదా ఉప్పునీళ్ళు? సముద్రపు చేపలకి ఉప్పునీళ్ళే కదా పొయ్యాలి" అన్నాను.

అతను తలెత్తలేదు. బూటు తాడు కట్టుకుంటూనే చెప్పాడు. "అది వారానికోసారి పాత నీళ్ళు తీసేసినప్పుడు పొయ్యడానికత్తయ్యా. రోజూ తగ్గేది ఆవిరైపోయిన నీళ్ళు. ఉప్పు ఎగిరిపోదుగా, తొట్టిలోనే ఉంటుంది. మళ్ళీ ఉప్పునీళ్ళే పోస్తే ఉప్పు పెరుగుతూ పోతుంది. మంచినీళ్ళే పొయ్యాలి."

చెప్పేసి వెళ్ళిపోయాడు. నేను కుర్చీలో కూలబడ్డాను.

చిట్టీ, నువ్వు ఆఫీసు పని మీద పది రోజులు ఊరెళ్ళినప్పుడు అతనికి వండి పెట్టడానికి నేను వచ్చి ఎనిమిది రోజులు ఉన్నాను, గుర్తుందా? తొట్టి జోలికి పోవద్దని నాకు చెప్పే వెళ్ళావు. అతను పొద్దున పోతే రాత్రికి గానీ వచ్చేవాడు కాదు. నీళ్ళు గీత కిందకి దిగి మోటారు గుడగుడమంటుంటే నా మనసు ఊరుకోలేదు. మూలన రెండు క్యాన్లున్నాయి. నీలం మూత తీసి వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చూశాను. ఉప్పగా ఉంది. ఇదే అనుకున్నాను. ఎనిమిది రోజులూ పొద్దునా సాయంత్రం చెంబుతో పోశాను. గీత దగ్గరికి సరిగ్గా వచ్చేలా, ఒక్క బొట్టు కింద పడకుండా పోశాను. అతను ఇంటికొచ్చి చూస్తే నీళ్ళు నిండుగా ఉండేవి. నేను మంచినీళ్ళు పోస్తున్నాననుకుని తృప్తిగా పడుకునేవాడు. క్యాను దాదాపు ఖాళీ అయ్యాక నేను మా ఇంటికి వచ్చేశాను.

ఏడో తరగతి పిల్లలకి నేనేం చెప్పేదాన్నో తెలుసా? పళ్ళెంలో ఉప్పునీళ్ళు పోయించి ఎండలో పెట్టించేదాన్ని. మర్నాడు తెల్లటి ఉప్పు మిగిలితే, "నీరు పోయింది, ఉప్పు ఎక్కడికి పోయింది పిల్లలూ?" అని అడిగేదాన్ని. "ఎక్కడికీ పోలేదు టీచర్" అని అరిచేవాళ్ళు. ముప్పై రెండేళ్ళు, ఏడాదికి రెండు సెక్షన్లు! ఆ టీచరే చెంబు పట్టుకుని నీ నాలుగేళ్ళ పెంపకాన్ని చంపింది. పిడికెడు పెరగడానికి మూడేళ్ళు పట్టిందని నువ్వు మురిసిపోయిన ఊదారంగు పగడాన్ని కూడా నేనే చంపాను.

అతను తిరిగి వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. రాగానే అడిగాను.

"అప్పుడు నీలం మూత క్యాను ఖాళీ చేసింది నేనని నీకు తెలుసా?"

అతను మోచేతులదాకా గ్రీజు కడుక్కుంటున్నాడు.

"తెలుసు. మీరు వెళ్ళిన మర్నాడు ఉప్పు కొలిచాను. లీటరుకి ముప్పై ఐదు గ్రాములు ఉండాల్సింది నలభై ఒకటి ఉంది. క్యాను చూస్తే తెలిసిపోయింది."

"మరి చిట్టికెందుకు చెప్పలేదు?"

"ఉప్పునీళ్ళు పోశావా అని అడిగింది. పోశాననేశాను. మీ పేరు చెబితే మీ ఇద్దరికీ చెడుతుంది. మీతో గొడవైతే తను నెలల తరబడి ఏడుస్తుంది. నాతో అయితే రెండ్రోజులు కోప్పడి మామూలైపోతుందనుకున్నాను."

రెండ్రోజులట! ఎనిమిది నెలలైంది. ఆ లెక్క విన్నాక నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "నా తప్పు నెత్తినేసుకోమని నిన్నెవడు బతిమాలాడు? నేనేమన్నా పాలు తాగే పిల్లనా?" అని గొంతు చించుకుని అరిచాను. పక్క ఫ్లాటువాళ్ళు తలుపు తీసి చూశారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అంటారే, ఆ దుత్తని నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను. "ఇప్పుడు మాత్రం చెప్పకండి, జరిగిందేదో జరిగిపోయింది" అన్నాడు. దానికి ఇంకో నాలుగు తిట్టాను.

తిట్టి, ఇంటికొచ్చి, ఏం చేశానో తెలుసా? చెప్పలేదు. ఈ ఆరు వారాల్లో నీకు రెండు ఉత్తరాలు రాశాను. రెండింటిలోనూ మోకాలి గురించే రాశాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకోటి ఉంది. సూట్‌కేసుతో నువ్వు నా గుమ్మంలో నిలబడి "ఒక్క పని చెబితే చెయ్యలేకపోయాడమ్మా, అన్నీ చచ్చిపోయాయి" అని ఏడ్చిన సాయంత్రం, ఎలా చచ్చిపోయాయని నేనొక్క మాట అడిగానా? అడగలేదు. "గాజుపెట్టె చూసుకోలేనివాడు నిన్నేం చూసుకుంటాడే, ఇంక ఆలోచించకు" అన్నాను. నువ్వు నా మాట వింటావని తెలిసే అన్నాను.

మీ కాపురంలో ఇంకా ఏమేం ఉన్నాయో నాకు తెలియదు. అతను సాధువేం కాదు. తడి తువ్వాలు మంచం మీదే పడేస్తాడు, పది మాటలకి ఒక జవాబు చెబుతాడు, నీ తరఫున నిర్ణయాలు తనే తీసేసుకుంటాడు. ఇది కూడా అలాంటిదే కదా, నీకు నిజం చెప్పాలా వద్దా అని తనే తీర్మానించేశాడు. దానికి నువ్వు ఎంత తిట్టినా నేను అడ్డురాను. తిట్టాలనుకుంటే ఫోను చేసి తిట్టు. ఆ ఫోనూ నువ్వే చెయ్యాలి, అతను చెయ్యడు, చేస్తే నా పేరు చెప్పాల్సి వస్తుందని భయం.

ఇప్పుడు నువ్వు గీత గీసి అడిగినదానికి జవాబు. సంతకం పెట్టలేదు. పెట్టడానికి కాగితాలు అతని దాకా పోతే కదా. మూడు నెలల్నుంచి నా బీరువాలోనే ఉన్నాయి. అవి ఈ కవరులోనే పెట్టి వెనక్కి పంపుతున్నాను. రెండో పేజీలో మీ లాయరు "భర్త నిర్లక్ష్యం, చెప్పిన మాట పెడచెవిన పెట్టడం" అని రాసి, ఉదాహరణగా ఆ తొట్టి సంగతే రాశాడు. ఇదంతా చదివాక కూడా నీకు అవే కాగితాలు కావాలంటే తిప్పి పంపు. నేనే తీసుకెళ్ళి అతని చేతిలో పెడతాను, నోరెత్తను. కానీ ఆ రెండో పేజీలో అతని పేరు కొట్టేసి నా పేరు రాయించి పంపు.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూస్తున్న
మీ అమ్మ