ఓడ ముక్కు దగ్గరి రెండు పట్టీలు

బుధవారం, సాయంత్రం

పూజ్యులైన బావగారికి,

మీ బావమరిది సవినయంగా నమస్కరించి రాయునది. మీరు కులాసాగా ఉన్నట్టు అక్క వచ్చినప్పుడల్లా చెబుతోంది. నేనూ కులాసానే.

ఇంతవరకు రాసి చూసుకుంటే ఏదో ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నట్టుంది. ఇంక నావల్ల కాదు బావా, పాత పద్ధతిలోనే రాస్తాను. చింపేయాలనిపిస్తే చింపెయ్, కానీ చివరిదాకా చదివి చింపు.

ఏడాదిగా నేను మళ్లీ బొమ్మ ఓడ కడుతున్నాను. కళ్లజోళ్ల షాపు నుంచి రాగానే మొహం కడుక్కుని బల్ల దగ్గర కూర్చోవడమే. మూరెడు పొడవు సరుకుల ఓడ, రెండు తెరచాప స్తంభాలు. వెన్నుచెక్కకి అడ్డంగా పద్నాలుగు చట్రాలు నిలబెట్టి, వాటి మీద సన్నటి చెక్క పట్టీలు తొడుగుతున్నాను. ఈసారి పక్కన చెప్పే మనిషి లేడు కదా, ప్రతి జిగురూ నేనే పాడైన ముక్కల మీద అతికించి చూశాను. తెల్ల గమ్ముతో అతికించిన ముక్కల్ని విరగ్గొడితే పక్కనున్న చెక్క చీలింది గానీ అతుకు ఊడలేదు. కాకపోతే అది పట్టేదాకా వేళ్లతో అదిమి కూర్చోవాలి, పూర్తిగా గట్టిపడ్డానికి ఒక రోజు వదిలెయ్యాలి. రెండు ట్యూబులు కలిపే జిగురు మొండిదే, కానీ పక్కలకి కారి మరకైపోతుంది, ఆ మరక మీద గరుకు కాగితం కూడా జారిపోతుంది. ఇన్‌స్టంట్ గమ్ము సంగతి నీకు తెలుసు. పది లెక్కపెట్టేలోపు పట్టేస్తుంది. నా వేళ్లని కూడా పట్టేసింది, రెండు రోజులు షాపులో కస్టమర్లకి చెయ్యి చూపించకుండా తిరిగాను.

చివరికి నువ్వు చెప్పిన దగ్గరికే వచ్చాను. తెల్ల గమ్ము. పట్టీని పొడవకుండా, దాని అంచుల వెంబడి చట్రంలోకి గుండుసూదులు గుచ్చి ఆనించడం, ఆరాక తీసెయ్యడం. ముక్కు దగ్గర వంపు ఎక్కువ గనక అక్కడ మాత్రం సన్నటి ఇత్తడి మేకు. నానబెట్టిన పట్టీని ముందు క్లిప్పులతో వంచి ఆరబెట్టి, పొడిగా అయ్యాకే జిగురు పెట్టడం. పాతికేళ్లు పుస్తకాలు బైండు చేసిన చేతులు కదా నీవి. జిగురుకి ఇవ్వాల్సిన టైం ఇవ్వరా, అది నిన్ను మోసం చెయ్యదు అనేవాడివి. నేను వింటూ ఆవలించేవాణ్ణి.

పోయిన శనివారం ఓడ బల్ల మీంచి కింద పడింది. నా మోచెయ్యే తగిలింది. తీసి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి, రెండు పట్టీలు మాత్రం గాజుపెంకులా టిక్కుమని ఊడొచ్చాయి. ఆ రెండూ ముందురోజు ఓపిక లేక ఇన్‌స్టంట్ గమ్ముతో అతికించినవి. వాటిని చేతిలో పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాను బావా. ఆరేళ్ల కిందటి ఎగ్జిబిషన్ హాలు కళ్ల ముందుకొచ్చింది.

నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. మనిద్దరం పద్నాలుగు నెలలు కట్టిన ఓడ. పైన వేడి లైట్లు. జడ్జీలు మన బల్ల దగ్గరికొచ్చి వంగి చూస్తుండగానే ముక్కు దగ్గర పట్టీలు టప్పుమని విచ్చుకున్నాయి. నువ్వు అరవలేదు. ఏ జిగురు వాడావురా అని మెల్లగా అడిగావు, అంతే. నువ్వు చెప్పిందే అన్నాను.

అది అబద్ధం. ముక్కు దగ్గర మూడు పట్టీలు ఇన్‌స్టంట్ గమ్ముతో అతికించి, నీకు తెలియకుండా ట్యూబు జేబులో వేసుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నువ్వింకోసారి అడిగేసరికి నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం పోయినవాడికి జిగురు ఆరేదాకా కూర్చునే తీరిక ఉంటుంది, నాకెక్కడిది అన్నాను. అంతమంది ముందు. నువ్వు పనిచేసే ప్రెస్సు మూతపడి అప్పటికి తొమ్మిది రోజులు. నీ మొహం చూశాను బావా. నువ్వు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని బయటికెళ్లిపోయావు. ఓడని అట్టపెట్టెలో పెట్టి, పురికొస కట్టి నా ఇంటికి పంపించావు. తర్వాత నువ్వు ఓడ ముట్టుకోలేదని అక్క చెప్పింది. ఆ పెట్టె నా బీరువా మీదే ఉంది. ఇప్పటిదాకా విప్పలేదు.

తప్పు నాదని తెలిసే ఆరేళ్లు నీ మీద అలిగి కూర్చున్నాను. అలగడం తేలిక, ఒప్పుకోవడమే కష్టం. ఆ రోజు నేనన్న మాటకి నన్ను క్షమించమని అడుగుతున్నాను. కొత్త ఓడకి ముక్కు ఇంకా మిగిలి ఉంది. వచ్చి చూడమని అడిగే మొహం లేదు గానీ, అడుగుతున్నాను.

ఇట్లు,
నువ్వు తొందరగాడని పేరు పెట్టిన
నీ బామ్మర్ది

తా.క. (గురువారం, మధ్యాహ్నం)

ఉత్తరం పోస్టు చెయ్యబోతుంటే అక్క వచ్చింది. చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. మొహం పాలిపోయి, ఆ పెట్టె దించరా అంది. దించి, పురికొస కోసి, ఓడని కిటికీ దగ్గర పెట్టి చూశాం.

నేను అతికించిన మూడు పట్టీలూ కదల్లేదు బావా. గోరుతో గీకితే గమ్ము గాజులా మెరుస్తూ అలాగే ఉంది. విచ్చుకున్నవి వాటి పైన ఉన్న రెండు. వాటి వెనక తెల్లగా, పల్చగా, నీళ్లు కలిసిన పాలలా గమ్ము పొర. ఒక్క మేకు లేదు, చట్రాల మీద ఒక్క సూది గుర్తూ లేదు. అప్పట్లో ఆ రెండూ నువ్వు అతికించావని నేననుకున్నాను. నేను అతికించానని నువ్వనుకుని ఉంటావు.

అవి అక్క అతికించింది. ఎగ్జిబిషన్‌కి ముందురోజు నువ్వు పని వెతుక్కోవడానికి వెళ్లావు, నేను షాపులో ఉన్నాను. తొట్టిలో నానుతున్న రెండు పట్టీలు తీసి, తడితడిగానే గమ్ము రాసి పెట్టేసిందట. మేకు కొడితే చెక్క చీలుతుందేమోనని భయపడిందట.

పట్టీల తప్పు నాది కాదని తేలింది. అయినా పై ఉత్తరంలో ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యడం లేదు. అబద్ధం నాదే, ఆ మాటా నాదే. కింద కొంచెం చోటు అక్కకి వదులుతున్నాను.

ఏవండీ, ఇది నేను రాస్తున్నాను. పని దొరక్క ఉసూరుమంటూ ఇంటికొస్తారు, ఓడ పూర్తయి కనిపిస్తే కాస్త నవ్వుతారని చేశాను. హాల్లో మీరిద్దరూ మాటామాటా అనుకుంటుంటే చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు చెప్పడం ఇంకా కష్టమైంది. అలా ఆరేళ్లు మీ ఇద్దరికీ మధ్య కబుర్లు మోస్తూ తిరిగాను, అసలు కబురు మాత్రం దాచుకుని. ఈ ఉత్తరం వాణ్ణి పోస్టు చెయ్యనివ్వలేదు, నేనే పట్టుకొస్తున్నాను. మీరు చదివేదాకా ఎదురుగా కూర్చుంటాను. చదివాక ముందు నన్ను తిట్టండి, ఎంతసేపైనా సరే. తర్వాత చెప్పులేసుకోండి, వాడింటికి వెళదాం.