రెండు పంపులూ, మూడు మెలికలూ

మామయ్యకి నమస్కారాలు.

నా కారు ఇంజను విప్పి మళ్ళీ కట్టాను. నిమిషానికి ఏడు వేల చుట్లు తిరిగేలా తయారుచేశాను. కొండెక్కే కార్ల పందెం వచ్చే నెల ఇరవైన. రెండేళ్ళ కష్టం, ఇంకో ఇంజను కట్టే ఓపిక నాకు లేదు. మిగిలింది ఆయిల్ పంపు ఒక్కటే. కారు చేసిన ఫ్యాక్టరీవాళ్ళ కంపెనీ పంపు ఒకటి, బయటివాళ్ళు చేసింది ఒకటి తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాను. పంపు మొరాయిస్తే బేరింగులు అరనిమిషంలో బూడిద. ఆ ఫ్యాక్టరీలోనే పంపుల విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసినవాడివి, ఏది బిగించాలో నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. బయటి పంపు వచ్చిన రేకు డబ్బా ముచ్చటగా ఉంది. అత్తయ్యకి చెప్పకు, కుట్టు సామాను పెట్టుకుంటానని అడుగుతుంది.

---

చిరంజీవి నట్టుకి మామయ్య ఆశీస్సులు.

చిన్నప్పుడు నట్టు మింగి అందరినీ హడలగొట్టి ఆ పేరు తెచ్చుకున్నావు. ఇప్పుడు ఈ ఉత్తరంతో నన్ను హడలగొట్టావు. కంపెనీ పంపుని ఎవరో ఊరూ పేరూ లేనివాళ్ళ పంపుతో పోల్చి చూస్తావా? నీ బల్ల మీదున్నదాని అడుగున పదిహేడు అని ముద్ర ఉంటుంది, చూడు. అది నా నంబరు. ప్రతి పంపూ బొటనవేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు పంపేవాణ్ణి. బయటివాళ్ళ సంగతి నా నోటితో చెప్పించకు. కంపెనీదే బిగించు.

ఇట్లు,
మామయ్య

తా.క. రిటైరయ్యాక ఆరోగ్యం కోసం నడక మొదలుపెట్టాను. మంగళ, శుక్రవారాలు. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వస్తాను. అత్తయ్య క్యారియర్ కట్టి ఇస్తోంది.

---

మామయ్యకి నమస్కారాలు.

కోప్పడకు, రెండూ బిగించి చూశాను. నీ పదిహేడో నంబరు ఆరున్నర వేల దాకా బంగారం. ఆపైన ప్రెషర్ మీటర్ ముల్లు వణుకుతోంది. బయటిదానికి ఏడు వేల దగ్గర కూడా ముల్లు కదల్లేదు. కానీ విప్పి చూస్తే, లోపల పళ్ళ చక్రాలు కూర్చునే గుంట అంచు వేలు తెగేంత పదునుగా ఉంది. ఆకురాయితో ఒక్కసారి రుద్దిన పాపాన పోలేదు. చెకింగ్ చేసినవాడు గుర్రుపెట్టి నిద్రపోయి ఉంటాడు. అలాంటివాణ్ణి నమ్మి నా ఇంజను అప్పగించలేను. నీ మాటే విని కంపెనీది బిగిస్తాను, ఆరున్నర వేలు దాటకుండా నడుపుతాను. ఓడితే ఓడాను. సంతోషమేగా?

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క. ఆ చెకింగ్ మనిషి ఎప్పుడైనా ఎదురుపడితే కడిగి పారేస్తాను.

---

నట్టుకి,

ఆశీస్సులు తర్వాత. ఎవరే నిద్రపోయింది? ఆ అంచు పదునుగానే ఉండాలి. గుండ్రం చేస్తే ఆయిల్ ఆ సందులోంచి వెనక్కి జారిపోతుంది. అక్కడ ఆ సంగతి కాగితం మీద రాసి, గోడకి అంటించుకుని మరీ చెకింగ్ చేస్తారు. ఆ మనిషికి కళ్ళున్నాయి, కళ్ళజోడుంది, నీ వయసుకి మించిన అనుభవం ఉంది. ఎదుటివాడి పని తెలుసుకోకుండా నోరు పారేసుకోకు. ఆకురాయి దాని దగ్గరికి తీసుకెళ్ళావో, నీతో మాట్లాడను.

ఇట్లు,
మామయ్య

తా.క. నడక బాగానే సాగుతోంది. కాళ్ళు బాగున్నాయి, చేతి బొటనవేలే నొప్పి.

---

మామయ్యకి, కాస్త భయంతో నమస్కారాలు.

నీ పంపు వణుకుతోందంటే ఊరుకున్నావు, వాళ్ళ పంపుని ఓ మాట అంటే మీదికొచ్చావు. నీది వెనకబడిందని మనసు విరిగి అలా రాశావని అర్థమైంది. పైగా నడకనుంచి చొక్కా నిండా జిడ్డుతో వస్తున్నావని అత్తయ్య రాసింది. ఎక్కడ పడుతున్నావు మామయ్యా?

అసలు సంగతి వేరే ఉంది. బయటి పంపుకి చీటీ కట్టిన తీగ ఇవాళ సరిగ్గా చూశాను. మూడు మెలికలు, కొన లోపలికి మడిచి! నా పదేళ్ళప్పుడు వేలికి తీగ గుచ్చుకుంటే నువ్వు నేర్పిన ముడి. ప్రపంచంలో ఇంకెవరికీ రాదన్నావు. నీ ముడిని దొంగిలించారు! ఒళ్ళు మండి వాళ్ళకి మూడు పేజీల ఫిర్యాదు రాసి పోస్టు చేశాను.

ఇట్లు,
నీ తరఫున పోరాడుతున్న మేనకోడలు

తా.క. ఆ చెకింగ్ మనిషిని పనిలోంచి తీసేయమని కూడా రాశాను.

---

గౌరవనీయ వినియోగదారునికి,

మీ ఫిర్యాదు అందినది. చెకింగ్ విభాగం విచారణ జరిపినది. సదరు విభాగంలో ఉన్నది ఒకే ఒక్క వ్యక్తి. మంగళ, శుక్రవారాలు మాత్రమే వచ్చును. క్యారియర్ తనే తెచ్చుకొనును. ముడి దొంగిలించలేదని, అది తన సొంతమని వాంగ్మూలం ఇచ్చినాడు. తనని తనే పనిలోంచి తీసేసుకునే అధికారం అతనికి లేదని విచారంతో తెలియజేయడమైనది.

నేనేనే, నట్టూ.

ముప్ఫై ఒక్క ఏళ్ళు వీళ్ళని తిట్టాను. రిటైరయ్యాక నాలుగు గోడల మధ్య పిచ్చెక్కినట్టయింది. వీళ్ళు పిలిచి చేతిలో పంపు పెడితే ఏడుపొచ్చింది. ఆ మాట నీకెలా చెప్పను? సిగ్గేసింది. ఆ సిగ్గులో కంపెనీదే బిగించమన్నాను, నీ పందెం సంగతి ఆలోచించలేదు. తప్పు నాది. కంపెనీ పంపు ఆఫీసుకెళ్ళే కారుకి నూరేళ్ళు పనిచేస్తుంది. ఏడు వేలు తిరిగే నీ ఇంజనుకి బయటిదే బిగించు. ఇరవైన కొండ కింద నిలబడి ఉంటాను. పంపు ఏదైనా ఆగితే పారిపోవడానికి నాకు చోటు లేదు, రెండూ నేను పాస్ చేసినవే.

ఇట్లు,
చెకింగ్ విభాగం

తా.క. అత్తయ్యకి ఇంకా తెలియదు. నడకతో నా ఆరోగ్యం కుదుటపడిందని వీధంతా చెబుతోంది. ఆ రేకు డబ్బా మాత్రం ఆవిడకి ఇవ్వకు. అలాంటివి ఇంట్లో ఇప్పటికే ఐదున్నాయి, అన్నీ నడకలో దొరికాయని చెప్పాను.