పౌడరు పూసిన చేతులు

అల్లుడు మునిచంద్రకు,

మీ హీరో విజయయాత్రకు తిరుపతి వస్తున్నాడనీ, థియేటరు ముందు నన్ను పలక డప్పు వాయించమనీ నువ్వు పెట్టిన మెసేజీ చూశాను. ఫోన్ చేస్తే బూతులు వస్తాయని రాస్తున్నాను.

కాలేజీలో, మీ సినిమాకు మూలమైన ఆ పాత నవల చదివి ఏడ్చినవాడివి నువ్వు. ఆ సినిమాకే అసిస్టెంటుగా చేరి, "మామా, పలక కొట్టే మన దళితవాడ మనిషే ఈ కథకు హీరో. మనోళ్ళు తెర మీదికి వస్తా ఉండారు" అని నన్ను షూటింగుకు తీసుకుపోయావు.

అక్కడ మంట మీద పలక కాచుకుంటుంటే మేకప్ మనిషి వచ్చి నా చేతులకు మోచేతుల దాకా తెల్లగా పౌడరు పూశాడు. హీరో రంగుకు సరిపోవాలట! కెమెరా నా చేతులు మాత్రమే తీసింది. క్లాపు కొట్టింది పక్కనే ఉన్న నువ్వే. సినిమా చివర్లో ఆ పలక వాయించేవాడు మన వాడలో పుట్టనే లేదని, జమీందారు కొడుకని తేల్చారు. మనలో పుట్టినవాడు హీరో కాకూడదా?

మొన్న మా అమ్మను, అదే మీ అవ్వను, చిత్తూరులో సినిమాకు తీసుకుపోయాను. పలక సీనులో నా వంకర బొటనవేలు చూసి లేచి నిలబడింది.

"ఇవి నా కొడుకు చేతులే! వాని మొగం యాడ పెట్టినార్రా?" అని అరిచింది. హాలంతా నవ్వింది.

తిరుపతికి వస్తాను. పలక తీసుకురాను, మీ అవ్వను తీసుకొస్తాను. మైకు సిద్ధంగా పెట్టు. ఆ మాట ఆమె మళ్ళీ అడుగుతుంది.

మీ మామ