ఇంకో బొమ్మ వెయ్యి

జూన్ 3, మంగళవారం

గవర్నమెంటు ఉద్యోగం పరీక్షకి హాల్ టికెట్ వచ్చింది. సెంటర్ ఎక్కడ పడిందా అని చూస్తే అక్క ఉండే ఊళ్ళో. ఇన్ని ఊళ్ళుండగా ఆ కంప్యూటర్‌కి ఇదే దొరికింది.

ఇది ఆఖరి అటెంప్ట్. వచ్చే ఏడాదికి ఏజ్ లిమిట్ దాటిపోతాను. ఈసారి పోతే ఇంక కాంట్రాక్టు మీద ఈ డేటా ఎంట్రీ చేసుకుంటూ, ఎప్పుడు మానెయ్యమంటారో అని సూపర్‌వైజర్ మొహం చూస్తూ బతకాల్సిందే.

మా ఆయన చూసి, ఇంకేం, హాయిగా మీ అక్కయ్య ఇంట్లో దిగొచ్చు అన్నాడు. లాడ్జి చూసుకుంటానన్నాను. సొంత అక్కని పెట్టుకుని లాడ్జి ఏమిటన్నాడు. ఏమని చెప్పను? గొడవ ఉంటే బావుండేది, ఫలానా గొడవ అని చెప్పేదాన్ని. గొడవేం లేదు. పుట్టినరోజులకి ఫోన్ చేసుకుంటాం. బాగున్నావా, బాగున్నాను, పిల్లాడు బాగున్నాడా, బాగున్నాడు. కస్టమర్ కేర్ వాళ్ళయినా ఇంతకన్నా రెండు ముక్కలు ఎక్కువ మాట్లాడతారు.

జూన్ 5

మాక్ టెస్ట్‌లో లెక్కలు ఫర్వాలేదు. ఇంగ్లీషు సరే. రీజనింగ్‌లో సిలాజిజమ్స్, అదే ఇచ్చిన వాక్యాల్లోంచి ఏది తేలుతుందో చెప్పే లెక్కలు, వాటి దగ్గర మళ్ళీ మార్కులు పోయాయి.

సాయంత్రం కోచింగ్‌లో సార్ ‘అన్ని బల్లలూ పిల్లులే’ అని రాసి, బోర్డు నిండా సర్కిల్స్ గీసి, స్టేట్‌మెంట్ నిజమా కాదా అని ఆలోచించొద్దు, ఇచ్చింది ఇచ్చినట్టు నమ్మండి అన్నాడు. నా పక్కన కూర్చునే పిల్ల నా చెవి దగ్గరికొచ్చి, ఆంటీ, అన్ని బల్లలూ పిల్లులైతే ఎలా ఆంటీ అని కిసుక్కున నవ్వింది. ఆంటీ అన్నందుకు కోపం రావాలి. రాలేదు. ఆ మాట అచ్చం అమ్మది.

అక్కా నేనూ కలిసి ప్రిపేర్ అయిన రోజుల్లో మా క్లాస్‌రూమ్ వంటింటి గచ్చు. నాకు సర్కిల్స్ ఎంతకీ బుర్రకెక్కేవి కావు. ఓ రోజు అక్క విసుగెత్తి పుస్తకం పక్కన పడేసి, అమ్మ గిన్నెల మూతలన్నీ తెచ్చి కింద పరిచింది. పెద్ద మూత పిల్లులు. దాని మీద చిన్న మూత పెట్టి, ఇవి బల్లలు, అన్ని బల్లలూ పిల్లులే కాబట్టి దీని అంచు కూడా బయటికి రాకూడదు అంది. ఇంకో మూత గొడుగులు. కొన్ని పిల్లులు గొడుగులు కనక అది పెద్ద మూత మీదికి సగం ఎక్కి కూర్చుంది. ఇప్పుడు చెప్పవే, బల్లలకీ గొడుగులకీ ఏమైనా ఉందా అంది.

నేను చూశాను. రెండూ తగల్లేదు. ఏమీ లేదన్నాను. అక్క గొడుగుల మూతని కాస్త లోపలికి జరిపి చిన్న మూత మీదికి ఎక్కించింది. ఇప్పుడో? స్టేట్‌మెంట్ ఏమైనా మారిందా? మారలేదు కదా? నువ్వు వేసిన బొమ్మ ఒక్కటే నిజం అనుకోకు, ఇంకో బొమ్మ వెయ్యి అంది.

ఇంకో బొమ్మ వెయ్యి. రోజుకి ఎన్నిసార్లు అనేదో. మూతల్లో కూడా ఆవిడ పెత్తనమే. నాకు ఎప్పుడూ ఆ చిన్న మూతే, పాలగిన్నెది. దాని పిడి ఊడిపోతుంటే అమ్మ నల్లదారం చుట్టి బిగించింది. ఈలోగా అవతల పాలు పొంగేవి. అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, మీ పిల్లులూ బల్లలూ తగలెయ్యా, నా మూతలు నాకిచ్చి చావండే అనేది. బల్లలన్నీ పిల్లులైతే దేని మీద పెట్టుకుని చదువుతార్రా అని గొణుక్కుంటూ వెళ్ళేది. మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

ఆ గచ్చు, ఆ నవ్వు మళ్ళీ కావాలి. ఉద్యోగం కన్నా ఎక్కువగా కావాలనిపిస్తుంది ఒక్కోసారి.

జూన్ 6

ఈదర్-ఆర్ మళ్ళీ తప్పు.

జూన్ 7

ఇవాళా తప్పే. కన్‌క్లూజన్ ఒకటి, కొన్ని బల్లలు గొడుగులు. కన్‌క్లూజన్ రెండు, ఏ బల్లా గొడుగు కాదు. విడివిడిగా చూస్తే ఏదీ తేలదు. నేను చటుక్కున ‘రెండూ కావు’ అని కొట్టేస్తాను. కానీ ఆ మూత ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. చిన్న మూతకి తగిలి ఉండాలి, లేదా తగలకుండా ఉండాలి. ఏదో మనకి తెలియకపోవచ్చు, రెండిట్లో ఒకటి మాత్రం ఖాయం. జవాబు ఈదర్-ఆర్.

ఇది అక్క గొంతు చించుకుని చెప్పింది. ఇంట్లో కూర్చుంటే నాకూ తెలుసు. టైమర్ తిరుగుతుంటే మాత్రం తేలనిదాన్నల్లా లేదని కొట్టిపారేస్తాను.

జూన్ 9, మధ్యాహ్నం

లంచ్ అవర్. డబ్బా తెరవబుద్ధి కాలేదు. రాస్తున్నాను.

ఆ ఏడు ఇద్దరం ఒకే బ్యాంకు పరీక్ష రాశాం. అక్కకి వచ్చింది. నాకు కొద్దిలో పోయింది. అక్క గంతులెయ్యలేదు, నేను ఏడవలేదు. ఇద్దరం బుద్ధిగా అన్నం తిని పడుకున్నాం. జాయినింగ్‌కి అక్క తెల్లవారుజాము బస్సుకి బయల్దేరింది. నేను మెలకువగానే ఉన్నాను. దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్నాను. అక్క వచ్చి లేపుతుంది, లేపితే ఒక్క ఉదుటున లేచి వాటేసుకుని ఏడుద్దాం అని. అడుగులు నా మంచం దాకా వచ్చాయి. ఆగాయి. వెళ్ళిపోయాయి.

లేపలేదు. ర్యాంక్ రాని దానితో ఏం మాట్లాడాలిలే అనుకుని ఉంటుంది. అంతే. ఆ రోజు నుంచి నా లోపల ఏదో మూత పడిపోయింది. అక్క ఎప్పుడు ఫోన్ చేసినా ఆ ఆగిన అడుగులే వినిపిస్తాయి.

పాలగిన్నె మూత కూడా ఆ రోజుల్లోనే పోయింది. అమ్మ ఇల్లంతా వెతికింది. అమ్మ పోయాక ఆ గిన్నె నాకొచ్చింది. ఇప్పటికీ దాని మీద పళ్ళెమే బోర్లిస్తున్నాను.

జూన్ 11

మా ఆయన నాకు చెప్పకుండా అక్కకి ఫోన్ చేశాడు. మండిపడ్డాను. అరగంటలో అక్క ఫోన్. బస్టాండుకొస్తాను, లాడ్జీ గీడ్జీ అన్నావంటే కాళ్ళు విరగ్గొడతానంది. ఇన్నేళ్ళలో అక్క నన్ను తిట్టడం ఇదే మొదటిసారి. పెట్టేశాక కూడా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

జూన్ 14, సాయంత్రం, అక్క ఇంట్లో

అక్కకి కళ్ళజోడు వచ్చింది. తన బ్రాంచి నుంచి ఎవరో ఫోన్ చేస్తే అవతలివాణ్ణి కడిగిపారేసింది. పెట్టేసి నా వైపు తిరిగి, టీయా కాఫీయా అని మెత్తగా అడిగింది. బావ పిల్లాణ్ణి తీసుకుని వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళాడట. నా చదువుకి అడ్డమని తనే పంపేసి ఉంటుంది. అక్క పాత అలవాటు, ఇల్లు ఖాళీ చేయించి మరీ చదివించడం.

మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళాను. నీళ్ళ జగ్గు మీద చిన్న మూత. పిడికి నల్లదారం.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను చూశానని తనకి తెలుసు. తను చూసిందని నాకు తెలుసు. నీళ్ళు తాగేసి వచ్చేశాను.

కాసేపయ్యాక, ఎక్కడ పోతున్నాయి మార్కులు అని అడిగింది. ఈదర్-ఆర్ అన్నాను. మూతలు తెచ్చింది. మోకాళ్ళు సహకరించక గోడ పట్టుకుని మెల్లగా గచ్చు మీద కూర్చుంది. చిన్న మూత నా ముందుకి తోసి, ఇది నీది అంది. రెండు లెక్కలు బాగానే చేశాను. మూడోదానికి ‘రెండూ కావు’ అన్నాను. నెత్తి మీద ఠంగుమని మొట్టింది. ఈ వయసులో. నాకు నవ్వాగలేదు. తనకీ ఆగలేదు. అమ్మ గరిటె పట్టుకుని వస్తుందేమోనని గుమ్మం వైపు చూశాను, నిజంగా.

జూన్ 15, ఆదివారం

పరీక్ష అయింది. రఫ్ షీట్ మీద సర్కిల్ గీసినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే మధ్యలో ఓ పిడి పెట్టేసింది. ఇన్విజిలేటర్ వంగి చూసి, ఏమిటమ్మా ఇవి అన్నాడు. మూతలండీ అన్నాను. వెళ్ళిపోయాడు.

ఈదర్-ఆర్ రానే వచ్చింది. మౌస్ ‘రెండూ కావు’ మీదికి పోయింది. మొట్టినచోట చురుక్కుమంది. ఆగి, ఇంకో బొమ్మ వేశాను. అదొక్కటీ కరెక్టని నాకు తెలుసు. మిగతా పేపరు గురించి ఏమీ చెప్పలేను.

జూన్ 16, బస్సులో

అక్షరాలు వంకరపోతున్నాయి. పోనీ.

తెల్లవారుజాము బస్సే దొరికింది నాకు కూడా. తయారై సంచి పట్టుకుని అక్క గదిలోకి వెళ్ళాను. దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకుంది. మంచం దాకా వెళ్ళి ఆగాను. నిన్నంతా నాతో తిరిగి అలిసిపోయింది, పాపం పడుకోనీ అనుకున్నాను. లేపితే ఏడుపొస్తుంది, ఏడిస్తే బస్సెక్కలేను. మెల్లగా వెనక్కి తిరిగాను.

గుమ్మం దాకా వచ్చాక కాళ్ళు కదల్లేదు. ఆ రోజు అక్క ఇక్కడే ఆగింది. ఇలాగే వెనక్కి తిరిగింది. నా మీద ఎంతో ప్రేమ ఉన్న మనిషి కూడా లేపకుండా వెళ్ళగలదు. ఇదిగో, నేనే వెళ్ళిపోతున్నాను. ఇన్నేళ్ళూ నేను వేసుకున్నది ఒక్కటే బొమ్మ.

వెళ్ళి భుజం పట్టి కుదిపాను. అక్కా, వెళ్తున్నాను, లే అన్నాను.

దుప్పటి వెంటనే తొలిగింది. నిద్ర లేచిన కళ్ళు కావవి.

“లేపుతావో లేదోనని చూస్తున్నానే” అంది.

ఆ రోజు నేను మెలకువగా ఉన్నానని తనకి తెలుసట. దుప్పటి కింద నా ఊపిరి విని కనిపెట్టిందట. మెలకువగా ఉండీ లేవలేదంటే తన మొహం చూడ్డం నాకిష్టం లేదనుకుందట. వెళ్తూ వెళ్తూ, నీ మొహం ఎలాగూ చూడనివ్వలేదు, నీది ఏదో ఒకటి నా దగ్గరుండనీ అని ఆ మూత తీసి సంచిలో వేసుకుందట. అంత రీజనింగ్ చెప్పిన మనిషి. అంతా విన్న నేను. అడిగితే పోయేది, ఇద్దరం అడగలేదు.

ఏడిచాం. తర్వాత నవ్వాం. చూసుకునేసరికి టైమైపోయింది. అక్క నైటీ మీద చున్నీ కప్పుకుని స్కూటర్ మీద నన్ను బస్టాండుకి పరిగెత్తించింది. మూత పట్టుకెళ్ళమని సంచిలో కుక్కబోతే నేనే వద్దన్నాను. నాకు పళ్ళెం అలవాటైపోయింది, అది నీ దగ్గరే ఉంచుకో అన్నాను.

జూలై 21, ఇంకా తెల్లవారలేదు

రిజల్ట్ పెట్టారు. ఓపెన్ చెయ్యలేదు. ముందు అక్కకి ఫోన్ చేసి లేపాను. కళ్ళజోడు వెతుక్కుంటోంది, ఆగమంటోంది.