ఎదగని కణాలు కూడా వచ్చాయి

అక్కా,

తమ్ముడికి జ్వరం దిగింది, చేతి వాపు తగ్గుతోంది. ముందు ఊపిరి పీల్చుకో, తర్వాత నన్ను తిట్టు.

నర్సువైన నువ్వు వాడి చేతి గాయానికి ఐదు రోజులు వెయ్యమన్న మాత్రలు రెండో రోజే ఆపించింది నేనే. మన ఒంట్లోనే సైన్యం ఉండగా కంపెనీల మందులెందుకని ఓ కరపత్రంలో చదివాను. వాడు వినడని, "అక్కే ఆపమంది" అని అబద్ధమాడాను. నాలుగో రోజుకి వాపు మోచేతిదాకా పాకింది.

ఆస్పత్రిలో రక్తం పరీక్షించే ఆవిడతోనూ వాదన పెట్టుకున్నాను. ఆవిడ మైక్రోస్కోపు నావైపు జరిపింది.

"నోరు కాదు, కళ్ళు తెరువు నాయనా! ఈ తెల్లకణాలు క్రిముల్ని మింగి, తామూ చస్తాయి. గాయంలోని చీములో ఉన్నవి చాలావరకు వీటి శవాలే. పెద్దవి చాలక, ఎముకల మూలుగలోంచి ఎదగని కణాలు కూడా పరిగెత్తుకొచ్చాయి. వాటిని ఒంటరిగా వదిలేసింది ఎవరు?"

కన్ను ఆనించి చూశానక్కా. గాయమైన గంటల్లోనే అవి బయల్దేరాయట. ఒక్క నినాదం లేదు, ఒక్క ఉపన్యాసం లేదు! చేతులెత్తి మొక్కాలనిపించింది.

తమ్ముడు ఇప్పటికీ తప్పు నీదే అనుకుని నీమీద అలిగి ఉన్నాడు. ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించాకే పోస్టు చేస్తాను. నీకు అందిందంటే, వాడు విన్నట్టే.

నీ పెద్ద తమ్ముడు