రాజును పారేసి గెలిచాను

నాయనమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో నా స్నేహితురాలు సుజాత ఉండే హాస్టల్‌కు వెళ్లి, దాని లాప్‌టాప్‌లో పేకముక్కల గేమ్ ఆడాను. ఒక్కో ముక్కే కూడబెట్టుకోవాలి. కానీ గెలిచిన ప్రతిసారీ ఒకటి వదిలేయాలి. చివరికి చేతిలో మిగిలిన ముక్కల పాయింట్లన్నీ, రమ్మీలోలాగే, మన నెత్తినే పడతాయి. హాస్టల్లో అందరూ బలమైన ముక్క అని రాజును దాచుకుని ఓడిపోయారట.

మన ఎల్బీనగర్ ఇంట్లో రమ్మీ ఆడుతూ నువ్వనేదానివి: "పెద్ద ముక్కను సంకల వెట్టుకొని కూసోకు బిడ్డా, ముందుగాల దాన్నే పారెయ్."

మొదటి గెలుపుకే రాజును వదిలేశాను.

"పిచ్చి లేసిందా నీకు?" అని సుజాత అరిచింది. ఆఖరి ఆట కూడా గెలిచాక, "ఎవరు నేర్పిన్రు నీకు?" అంది.

"మా నాయనమ్మ."

"ఆమె గివన్నీ ఆడుతదా?"

"ఇప్పుడే గెలిచింది గదా" అన్నాను.