మంచుగడ్డ మీద మన రాజీ

అన్నయ్యా,

ఈ రోజు నీ తద్దినం. నేను వంటలో ఉండగా నీ కూతురు రాజీ తిరిగొచ్చింది. ఇక్కడ బర్మాలో సైన్యం గద్దెనెక్కాక జనం వీధుల్లోకి వచ్చారు, ఫోన్లు ఆగిపోయాయి. ఉత్తరాన మంచుకొండల్లోని ఆసుపత్రికి మందులు చేర్చేవాళ్లే లేకపోతే, నీ పికప్ బండిలో రాజీయే బయల్దేరింది. ఆ తర్వాత ఇవాళ్టిదాకా కబురు లేదు.

అన్నం తింటూ చెప్పింది. "మెత్తటి మంచులో బురదలో తిరిగే మన టైర్లు బాగానే పట్టేయి అత్తా. గడ్డకట్టిన కాడ పట్టే లేదు. సలికి రబ్బరు గట్టిపడిపోయి, బండి లోయ యేపు జారిపోనాది."

"మరేటి సేసేవే?"

"బ్రేకు తొక్కలేదు. గేరు తగ్గించి, కొండ యేపు తిప్పి ఆపీసినాను. జారకుండా సక్రాలకి గొలుసులు సుట్టి మెల్లగా పైకెల్లిపోనాను."

మందులన్నీ చేరాయి. అక్కడి డాక్టరమ్మ దాన్ని కావలించుకుందట.

సాయంత్రం బోటాటౌంగ్‌ పేటలో మన టైర్ల కొట్టు ముందు డ్రైవర్లు దాని చుట్టూ చేరారు. బర్మావాళ్లు ఆడపిల్లల పేరు ముందు మర్యాదకి 'మా' చేరుస్తారు కదా, అలా "మా రాజీ" అని పిలిచారు. నాకది తెలుగు 'మా'లాగే, మా పిల్ల అన్నట్టే వినిపించింది.

మళ్లీ వెళ్తానంటోంది. నేను వద్దనలేదు. ఈసారి దాని పక్క సీట్లో నేనూ కూర్చుంటాను.

నీ చెల్లెలు,
పార్వతి